కారం లేకుండ కాల్చిన మాంసం

నా కొడుకు నోరు రెండు వేళ్లు కూడ పట్టనంతగ మూసుకపోయిన రోజులల్ల నేను మాంసం కాల్చుడు నేర్చుకున్న. అప్పటికి నన్ను బాపమ్మా అని పిలిచే మనుమలు ఇద్దరున్నరు. బతుకంత పొయ్యి ముంగటనే గడిచింది. నీకు మాంసం వండరాదు అని ఎవరన్న అంటే వాళ్లను మళ్ల గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. కని ఆ రోజులల్లనే తెలిసింది, నాకు వచ్చింది మాంసం వండుడు కాదు, కారం వండుడు. కారం తీసేస్తే నా చేతిల ఏమీ లేదు.

మాది సిరిసిల్ల దిక్కు పల్లె. పెండ్లయిన కొత్తల మా ఆయన ఎంబడి బొంబాయి దగ్గరి భివండికి వచ్చిన. కామత్‌ఘర్‌ల వరుసగ అర్రలున్న ఒక చాల్‌ల మాకు ఒకటే అర్ర. ఆయన సాంచెలు నడిపి నడిపి దమ్ముతోని పోయిండు. సాంచె అంటే కరెంటు మగ్గం, మా దిక్కు గట్లనే అంటం. ఆయన పోయినంక కొడుకు మీసం రాకముందే సాంచెల నడుమ నిలవడ్డడు. రెండో తరగతితోని బడి మానేసిన నేను వాణ్ని మాత్రం ఇంకా చదివించాలనుకున్న. కని అనుకున్నది ఆడనే ఉండిపోయింది.

సాంచెల చప్పుడుల ఎవరికన్న నిద్ర పడుతదా అనుకుంటరు బయటోళ్లు. పడుతది. కొన్నేండ్లయినంక ఆ చప్పుడే జోల పాడినట్టయితది. రాత్రి పాళిల, అంటే రాత్రి డ్యూటీల, కన్ను మూతపడ్డదంటే పోగు తెగుతది, బట్ట ఖరాబయితది, సేఠ్ తిడతడు. అందుకని అందరూ గుట్కా నములుతరు. నా కొడుకు కూడ బుగ్గల ఒక ముద్ద దాచుకొని తెల్లారిచ్చేటోడు. నేను తిట్టిన, పొట్లాలు మోరిల పారేసిన, వాడికి అన్నం పెట్టకుండ కూడ చూసిన. నా ముంగట ఉమ్మేటోడు, మూల మలిగినంక మళ్ల ఏసుకునేటోడు.

మొదలు కారం మండుతున్నదన్నడు. నాకు కోపమొచ్చింది. మా ఇంట్ల పుట్టినోడు కారం మండుతదనుడేంది అన్న. తరువాత నోరు తెరుచుకోక రొట్టెను చిన్న చిన్న తునకలు చేసి పండ్ల సందునుంచి నూకుతున్నడని కోడలు కనిపెట్టింది. వాడు అటు దిక్కు మలిగి కూసుని తినేటోడు. బుగ్గ లోపట ఒక పుండు అయింది. ఏ మందుకూ మానలేదు.

బొంబాయిల పెద్ద దవాఖానకు తీసుకపోయినం. డాక్టరు ఆడమనిషి. టార్చి ఏసి చూసింది, ముక్క తీసి పరీక్షకు పంపింది. రెండోసారి పోయినప్పుడు మరాఠీల కోడలికి చెప్పింది. కోడలు ఇక్కడనే మరాఠీ బడిల చదువుకున్న పిల్ల, మాకు అన్నిటికి దాని నోరే దిక్కు. అది పెద్ద బీమారి, కోసి తీసెయ్యాలె, కని ఒంట్ల రక్తం లేదు, ఇట్లాంటి మనిషిని బల్ల మీద పండవెడితే లేవడు అన్నది. గుట్కా ముట్టొద్దు, కారం ముట్టొద్దు, మాంసం, కార్జం, గుడ్లు, పాలు తినిపియ్యుండ్రి, దసరా ముంగట తీసుకరండ్రి అన్నది. అప్పటికి రక్తం పెరిగితే కోత, పెరగకుంటే ఇంక వాళ్లు చేసేదేం లేదు. నాకు అర్థమైంది గంతే. వాడు తింటే బతుకుతడు, తినకుంటే పోతడు.

వానకాలం షురువైంది. నేను కారం లేకుండ యాట కూర వండిన. ఉప్పు, పసుపు, అల్లం. తెల్లగ, నీచు కొట్టుకుంట ఉన్నది. వాడు వాసన చూసి మొఖం తిప్పుకున్నడు. గటక కాసిచ్చిన, పాలు ఇచ్చిన. దూడ కాదు గదా నేను అన్నడు. నేను అరిచిన. కోడలు ఏడ్చింది. ఏడ్చుడు మానుమని దాన్ని కూడ అరిచిన. వాడు రోజురోజుకు సన్నగయితున్నడు. అంగీ మెడకాడ పెద్దదయి బొక్కలు కనవడుతుండె.

ఒకరోజు నేను గ్లాసు పట్టుకొని వాడి ముంగట కూసున్న. వాడు గ్లాసును పక్కకు జరిపిండు.

“అవ్వా, చిన్నప్పుడు పండుగకు ఊరికి పోయి యాటను కోస్తే బాపు కార్జం తునక నిప్పుల మీద ఏసి నాకిచ్చేటోడు. ఉప్పు ఒక్కటే. యాదికున్నదా?”

యాదికున్నదన్న.

“గట్ల కాల్చియ్యి. తింట.”

వాడు ఇది తింట అని నోరు తెరిచి అడగక ఎన్ని దినాలయిందో. నేను సరేనన్న. కని నిప్పులు ఎక్కడియి? చాల్‌ల కట్టెల పొయ్యి పెట్టనియ్యరు, పొగకు పక్కోళ్లు లొల్లి చేస్తరు. మాకున్నది గాసునూనె స్టవ్వు. దాని మీద కాల్చింది ఏదైనా గాసునూనె కంపు కొడుతది.

ఆ యేడు మా చాల్‌ల చాన ఇండ్లు ఖాళీ అవుతుండె. సేఠ్‌లు పాత సాంచెలను తుక్కు కింద భంగార్‌కు అమ్ముతున్నరు, పనోళ్లు ఊర్లకు మళ్లుతున్నరు. మా ఎదురింటామె కూడ మూట కట్టింది. ఎవరో కంపెనోళ్లు గల్లీలకు బండి తెచ్చి చాయ కాసి చూపెట్టినప్పుడు ఆమె ఒక కొత్త తీరు సిగిడి, అంటే కుంపటి, తీసుకున్నది, డబ్బ కూడ విప్పలేదు. నేను నా ఇత్తడి బిందె ఇచ్చి ఆ సిగిడి తీసుకున్న. నా పెండ్లి బిందె అది. కోడలు ఒద్దన్నది. నీళ్లు ప్లాస్టిక్ బిందెల కూడ ఆగుతయి అన్న.

ఆ సిగిడి గుండ్రటి స్టీలు డబ్బ తీరుగ ఉంటది. అడుగున చిన్న ఫ్యాను, దానికి బ్యాటరి. లోపట గోలీలు పోయాలె. చెరుకు పిప్పి, పల్లి పొట్టు ఒత్తి చేసినయి, పిల్లలు అరగదీసిన పెన్సిల్ ముక్కల తీరు. డబ్బల ఉన్న కాగితం కోడలు చదివి చెప్పింది. గోలీలు నిండ పోయాలె, కింద కాదు పైన ముట్టియ్యాలె, మంట పైనుంచి కిందికి దిగుతది, నడుమల గోలీలు ఎయ్యొద్దు. పైన ముట్టిచ్చే పొయ్యి నేను పుట్టి చూడలేదు. కాగితం రాసినోడు ఎన్నడన్న వండిండా అన్న.

మొదటిసారి నిండ పోయడానికి నాకు చెయ్యి రాలేదు. ఒక్క కార్జం తునకకు అన్ని గోలీలా అని సగమే పోసిన. మంట డబ్బ అడుగుకు పోయి కూసున్నది. పైన జాలీ మీద కార్జం చెమట పట్టింది తప్ప కాలలేదు. ఫ్యాను జోరుగ తిప్పిన. మంట ఒక్కసారి పైకి లేచి కార్జాన్ని నాకింది. పైన నల్లగ, లోపట పచ్చిగ. మళ్ల పెట్టిన. ఈసారి చెప్పు తోలయింది. వాడు దాన్ని బుగ్గల పెట్టుకొని చప్పరించి, మెల్లగ తీసి పళ్లెం అంచుకు పెట్టిండు. 

రెండోసారి తొడ మాంసం తెచ్చి ముందుగల్ల ఉడికించి కాల్చిన. మెత్తగయింది, కని రుచి అంత నీళ్లల్లకు పోయింది. తాడు పేలికల తీరుగ పండ్ల సందున ఇరికింది. సూదితోని తియ్యవలసి వచ్చింది. ఆ తీసుట్ల పుండుకు తగిలి రక్తం కారింది. మూడు పూటలు ఏదీ ముట్టలేదు వాడు.

మూడోసారి చేసిన తప్పు మా సాంచెల మనుషులే చెయ్యగలరు. కామత్‌ఘర్‌ల ఏ ఇంట్ల స్టవ్వు ముట్టిచ్చినా సాంచె నూనె తుడిచిన నూలు చెత్తతోనే. పాళి దిగి వచ్చేటోళ్లు జేబుల కుక్కుకొని తెస్తరు. మా కోడలు కండెలు చుట్టే కార్ఖాననుంచి కొంగుల కట్టుకొని తెచ్చేది. ఊకెనే వస్తది, అగ్గిపుల్ల చూపెడితే భగ్గుమంటది. కాగితంల నాలుగు చుక్కల గాసునూనె అని రాసి ఉన్నదట. చెత్త ఉండంగ గాసునూనె ఎందుకని నేను గోలీల మీద ఒక పిడికెడు చెత్త పరిచి ముట్టిచ్చిన. ఎన్కట ఆ చెత్త పత్తి నూలు. ఇప్పుడు సగం పోలిస్టరు. గిన్నె పెట్టి మూత పెట్టి వండినన్ని రోజులు అది మాకు తెలువలేదు. ఈ సిగిడిల అది కరిగి గోలీల సందులకు దిగింది, కింది ఫ్యాను ఆ పొగనంత ఊది మాంసానికి పట్టిచ్చింది. అప్పుడే నాకు ముక్కు దిబ్బడ. వాసన తెలువలేదు. ఈసారి రంగు మంచిగొచ్చిందని మురుసుకుంట పళ్లెం వాడి ముంగట పెట్టిన.

వాడు ఒక తునక నూకుకున్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మోరి కాడికి పోయి ఉమ్మి, నీళ్లు పుక్కిలిచ్చి వచ్చి కూసున్నడు.

“అవ్వా, యాటను కాల్చమంటే సాంచెను కాల్చినవ్ గదనే.”

అని నవ్వబోయిండు. నోరు తెరుచుకోక నవ్వు ముక్కుల నుంచి వచ్చింది, వెంటనే దవడ పట్టుకొని వంగిండు. కోడలు బయటికి పోయింది. నేను ఆ తునకలన్ని తీసి పారేసిన. నా చేతులతోని మాంసం పారేసుడు అదే మొదలు.

అటెన్క నా తెలివిని నమ్ముకోవద్దనుకున్న. షేరింగ్ ఆటోల నిజాంపురాకు పోయిన. అక్కడ ఒక ముసలి ఖసాయి ఉండె, ఎన్నో ఏండ్ల సంది నాకు ఎరుక. నేను బొక్కలు, పేగులు అగ్గువకు అడిగి సతాయించేదాన్నని ఆయనకూ ఎరుకే. ఆ రోజు మంచి మాంసం అడిగితే ఎవరికని అడిగిండు. నాకు వచ్చిన హిందీల చెప్పిన. నోరు గింతే తెరుచుకుంటదని వేళ్లతోని చూపెట్టిన. ఆయన చేతిలున్న తొడను పక్కకు పెట్టిండు. జబ్బ మాంసం తీసి, ఇంత కొవ్వు కలిపి, కత్తితోనే సన్నగ కొట్టిండు. పచ్చి బొప్పాయిని తోలుతోని నూరి కలుపు, ఖీమా వేలికి బంక లెక్క అంటుకునేదాక పెట్టు, కొవ్వు తియ్యకు అన్నడు. కొవ్వు పారేస్తవేమో, నువ్వు పారేసే మనిషివి కాదులే అని కూడ అన్నడు. మొన్ననే పళ్లెం నిండ పారేసి వచ్చిన నేను ఆ మూట చంకల పెట్టుకున్న.

ఇంటికొచ్చి రోట్ల మళ్ల దంచిన. ఉప్పు, జీలకర్ర, ఒకింత అల్లం. గోలీలు ఈసారి నిండ పోసిన. చెత్తకు బదులు నా పాత చీర పేలిక మీద మంచినూనె చుక్క వేసి ముట్టిచ్చిన. మంట ఎగురుతున్నప్పుడు మాంసం పెట్టలేదు. ఎర్ర మంట పోయి నిప్పుల మీద తెల్ల బూడిద పట్టేదాక కూసున్న. ఫ్యానును తక్కువల పెట్టిన. పైన అరచెయ్యి పెట్టి చూసుకున్న. చెయ్యి వెంటనే గుంజుకున్ననంటే ఇంకా ఆగాలె, చెయ్యి జెరసేపు ఓర్చుకుంటే పెట్టొచ్చు. సైకిల్ చక్రం పుల్లలకు ఖీమాను సన్నగ, పలకగ ఒత్తి, రెండు ఇటుక ముక్కల మీద ఎత్తుల ఆనిచ్చిన. కొవ్వు కారి నిప్పుల పడితే మంట లేస్తది, ఎత్తుల ఉంటే అంటుకోదు. పైన తపెల బోర్లిచ్చిన. ఇదంతా నాకు ఒక్క రోజుల రాలేదు. రోజొక తీరు చెడగొట్టుకుంట నేర్చిన. ఒకరోజు ఊడి నిప్పుల పడ్డది, ఒకరోజు బొప్పాయి ఎక్కువై పిండి తీరుగ చేదొచ్చింది, ఒకరోజు కరెంటు పొద్దంత పోయి బ్యాటరి ఎక్కక అట్టముక్కతోని విసురుకుంట కూసున్న.

చివరికి ఒక పొద్దుమూకి తపెల లేపితే వచ్చిన వాసనకు నాకే తెలిసింది. నీచు లేదు, పొగ లేదు. కారం గుర్తుకు రాలేదు. వేలు అంత తునక వాడి చేతిల పెట్టిన. వాడు పండ్ల సందున పెట్టి వేలితోని లోపటికి నూకిండు. నాలికతోని పైకి ఒత్తిండు. మింగిండు. ఇంకోటి అందుకున్నడు. నేను పుల్ల నుంచి ఊడదీస్తనే ఉన్న, వాడు తింటనే ఉన్నడు. కోడలు నిలబడి చూస్తుంటే, నిలబడ్డవేంది, నీళ్లు తేపో అన్న.

అటెన్క దినం తప్పి దినం అదే పని. వాడికి ఖీమా, మాకు బొక్కల చారు. పక్కింటామె ఒకరోజు తలుపు కాడ నిలబడి, “ఏమ్మో, కొడుకు బీమారంటివి, మీ ఇంట్లనేమో రోజు దావతే” అన్నది. “వాసనకు పైసలు అడుగుతలేను గదా, పీల్చు” అన్న. ఆమె మూతి ముడుచుకొని పోయింది. కొడుకు ముక్కుల నుంచి నవ్విండు. ఈసారి దవడ పట్టుకోలేదు.

వాడి మెడ కాడ గుంతలు పూడినయి. గోళ్లకు రంగొచ్చింది. బాగయితున్నడని అంటే ఆ మాట అబద్ధమయితదేమోనని ఎవరికీ చెప్పలేదు కని, ప్రతి ఐతారం వాడి మణికట్టును నా వేళ్లతోని చుట్టి చూసేదాన్ని.

దసరా ముంగట దవాఖానకు పోయినం. రక్తం చూసి డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఏం పెట్టిండ్రు అని అడిగింది. “మా అవ్వ మాంసం కాల్చి పెట్టింది” అని వాడే మరాఠీల అన్నడు, పండ్లు కదలకుంట. డాక్టరమ్మ నా దిక్కు చూసి తలకాయ ఊపింది. నా బతుకుల నన్ను అట్ల మెచ్చుకున్న చదువుకున్న మనిషి ఇంకొకరు లేరు. కోతకు దినం పెట్టిండ్రు.

కోత ముందటి రోజు కోడలిని పిలిచి ఏం తీస్తరో చెప్పిండ్రు. అది వచ్చి నా పక్కన కూసున్నది. నేను గద్దిస్తే చెప్పింది.

“పుండు ఒక్కటే కాదట అత్తమ్మా. దవడ బొక్క సగం, బుగ్గ, నాలికల కొంత తీస్తరట.”

“మరి తినుడెట్ల?”

“ముక్కుల నుంచి పైపు పెడతరట. నోటితోని తినుడు ఇంక ఉంటదో ఉండదో చెప్పలేమన్నరు.”

కోయాలె, రక్తం కావాలె అన్న మాటలే మొదటి నుంచి నా చెవుల పడ్డయి. ఏం కోస్తరని నేను అడగలేదు, వాళ్లు విప్పి చెప్పలేదు. కొడుకుకు ఎరుకనా అని అడిగిన. వాడికి పొద్దుగాలనే చెప్పిండ్రట. సరే అన్నడట. ఆ రోజు నేను ఇంటి నుంచి రెండు పుల్లల ఖీమా కాల్చి మూట కట్టుకొని పోయిన. కోతకు ముందు ఏమీ పెట్టొద్దని నర్సు ఎనుకకు పంపింది.

వాడు బతికి బయటికి వచ్చిండు. ఎడమ దిక్కు మొఖం లోపటికి పోయింది. మాట పోయింది. ముక్కుల పైపు, దానికి చెంపకు పట్టీ. జావ వడగట్టి సిరంజితోని పైపుల పోయాలె. మొదలు సగం ఒలకవోసిన, తరువాత అది కూడ నేర్చుకున్న. సిగిడిని తుడిచి మంచం కిందికి నూకిన. వాడు ఆ ఎండకాలం దాటలేదు. నేను చెప్పేది అంతకు ముందటి ఒక ఐతారం సంగతి.

ఆ పొద్దున వాడు నా కొంగు గుంజి మంచం కిందికి వేలు చూపెట్టిండు. సిగిడి దిక్కు. వద్దురా అన్న. మళ్ల చూపెట్టిండు. కోడలు వద్దన్నది, చూసి బాధపడుతడు అత్తమ్మా అన్నది. వాడు నేలను అరచేతితోని కొట్టిండు. నిజాంపురాకు పోయి ఖీమా తెచ్చిన. ఎప్పటి తీరుగనే దంచిన, నానవెట్టిన, నిప్పులు తెల్లగయ్యేదాక ఆగిన. వాడు గోడకు ఒరిగి సిగిడి పక్కనే కూసుండి చూస్తనే ఉన్నడు. తపెల లేపినప్పుడు కండ్లు మూసుకొని వాసన పీల్చిండు. పైపు ఉన్న ముక్కుతోని ఎంత అందిందో నాకు తెలువదు.

పళ్లెం పట్టుకొని నిలబడ్డ. వాడు పిల్లలను, కోడలిని, నన్ను తన ముంగట కూసోమని చెయ్యి ఊపిండు. కూసున్నం. పిల్లలు తిన్నరు. కోడలు తల వంచుకొని తిన్నది. నేను తినలేదు. వాడు నా చెయ్యి పట్టి, ఆ చేతిల ఉన్న తునకను నా నోటి దిక్కు నూకిండు.

నోట్ల పెట్టుకున్న. వాడు నా దవడ దిక్కే చూస్తున్నడు. మాంసం మెత్తగ ఉన్నది, నాలిక మీదనే కరిగిపోయేటట్టున్నది, నమిలే పని లేదు. అయినా వాడు చూస్తున్నడని నేను నమిలిన.